రిలీజ్ రోజు కొన్న గేమ్, చేతిలో ఉన్న రెండు గంటలు

పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొన్న గేమ్‌కి డబ్బు వెనక్కి రావాలంటే రెండు షరతులు. కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడిన సమయం 2 గంటలు దాటకూడదు. 2015 జూన్ నుంచి ఇదే రూల్. అందుకని రిలీజ్ రోజే గేమ్ కొంటే ఆ మొదటి రెండు గంటలూ నేను కథ జోలికి పోను. కట్‌సీన్లు (మధ్యలో వచ్చే కథ వీడియోలు) దాటేస్తూ, సెట్టింగ్స్ మారుస్తూ, కావాలనే గేమ్‌ని ఇబ్బంది పెడతాను. ఇది నా పీసీ మీద సరిగ్గా నడుస్తుందా? నడవకపోతే లోపం నా వైపుందా, వాళ్ల వైపుందా? ఆ సమయంలో తేలాల్సింది ఇదే. ఈ మధ్య వచ్చిన ఒక ఓపెన్ వరల్డ్ ఆర్పీజీతో (పెద్ద లోకంలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ ఒక పాత్రగా ఆడే గేమ్) ఈ తంతు మొత్తం చేయాల్సి వచ్చింది. గేమ్ పేరు చెప్పను. ఆ లోపాలు ఏ ఒక్క గేమ్ సొత్తూ కాదు.

ముందు టైమ్ లెక్క సంగతి. స్టీమ్ లెక్కపెట్టేది మీరు ఆడిన సమయాన్ని కాదు, గేమ్ ప్రోగ్రామ్ తెరిచి ఉన్న సమయాన్ని. మెయిన్ మెనూలో ఊరికే వదిలేసి టీకి వెళ్లినా, షేడర్లు (తెర మీద బొమ్మ ఎలా గీయాలో గ్రాఫిక్స్ కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్నా, అంటే ఆ కార్డుకి అర్థమయ్యే రూపంలోకి మారుతున్నా, మీటర్ తిరుగుతూనే ఉంటుంది. 2023 మార్చి 28న 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1' పీసీలోకి వచ్చినప్పుడు చాలామందికి మొదటి సీన్ కూడా చూడకముందే ఈ కంపైలింగ్‌కే అరగంట, కొందరికి గంటకు పైగా పట్టింది. రీఫండ్ గడువులో సగం మెనూలోనే కరిగిపోయిందన్నమాట. ఇంకొకటి, ఎక్కువ ధర పెట్టి డీలక్స్ ఎడిషన్ కొన్నవాళ్లను రెండు మూడు రోజుల ముందే ఆడనిస్తారు కదా, 2024 ఏప్రిల్ నుంచి ఆ సమయాన్నీ స్టీమ్ ఇదే రెండు గంటల్లో కలుపుతోంది. అంతకుముందు అది లెక్కలోకి వచ్చేది కాదు.

మిగతా స్టోర్ల సంగతి క్లుప్తంగా: ఎపిక్‌లోనూ 14 రోజులు, 2 గంటలే. జీఓజీలో 30 రోజులు, గేమ్ డౌన్‌లోడ్ చేసి ఆడినా పరవాలేదు. ప్లేస్టేషన్ స్టోర్‌లో మాత్రం డౌన్‌లోడ్ మొదలుపెట్టారంటే, గేమ్‌లో లోపం ఉందని తేలితే తప్ప, ఆ దారి మూసుకుపోయినట్టే.

ప్లే నొక్కే ముందు

గేమ్ తెరవకముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటికి మీటర్ తిరగదు కాబట్టి తీరిగ్గా చేసుకోవచ్చు.

విండోస్‌లో యూజర్ ఫోల్డర్ పేరు తెలుగు అక్షరాల్లో ఉంటే కొన్ని గేములు అసలు తెరుచుకోవు, తెరుచుకున్నా సేవ్ చేయలేవు. ఆ ఫోల్డర్ దారిలో ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండవన్న ఊహతో రాసిన కోడ్ ఇంకా చాలా గేముల్లో ఉంది. అకౌంట్ పేరు మార్చినా లోపలి ఫోల్డర్ పేరు మారదు. ఇంగ్లీషు పేరుతో ఇంకో లోకల్ యూజర్‌ని సృష్టించి, అందులోంచి గేమ్ తెరవడమే తేలిక. మన ఇళ్లలో పిల్లలకి పీసీ సెటప్ చేసేటప్పుడు ముచ్చటగా తెలుగులో పేరు పెట్టేవాళ్లున్నారు. ఆ ముచ్చట డిస్‌ప్లే నేమ్‌లో తీర్చుకోండి.

సేవ్ అవ్వకపోవడానికి ఇంకో కారణం విండోస్ సెక్యూరిటీలోని కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్. అది ఆన్‌లో ఉంటే తనకు తెలియని ప్రోగ్రామ్‌ని డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో రాయనివ్వదు. రిలీజ్ రోజు గేమ్ అంటే దానికి ముక్కూమొహం తెలియని ప్రోగ్రామే. గేమ్‌ని మినహాయింపుల్లో చేర్చాలి. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని వన్‌డ్రైవ్ సింక్ చేస్తుంటే ఆడుతున్నంతసేపూ దాన్ని పాజ్‌లో పెట్టాలి. గేమ్ ఒక ఫైలు రాస్తుండగానే వన్‌డ్రైవ్ దాన్ని పట్టుకుని కూర్చుంటే సేవ్ సగంలో ఆగుతుంది.

గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ కొత్తది వేసుకోవడం మంచిదే కానీ, అప్‌డేట్ చేయగానే పాత షేడర్ క్యాష్ (ముందు కంపైల్ చేసి దాచుకున్నవి) పనికిరాకుండా పోతుంది. కాబట్టి ముందు డ్రైవర్, ఆ తర్వాతే గేమ్. ఈ వరుస తిరగబడితే కంపైలింగ్ రెండోసారి మొదలవుతుంది, అదీ మీ రెండు గంటల్లోంచే. డిస్క్‌లో ఖాళీ కూడా చూసుకోవాలి. స్టీమ్ ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) వేసేటప్పుడు పాత ఫైళ్ల పక్కన కొత్తవి తయారుచేసి ఆ తర్వాత మారుస్తుంది. 100 జీబీ గేమ్‌కి 3 జీబీ ప్యాచ్ అని చూపించినా, డిస్క్‌లో పదుల జీబీలు ఖాళీ అడగడం మామూలే.

కుదుపులు

ఇక అసలు పని. ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద పడే ఫ్రేములు, అంటే బొమ్మలు) అంకె ఒక్కటే చూసి గేమ్ బాగుందనో బాగోలేదనో చెప్పలేం. సగటు 70 చూపిస్తూనే నిమిషానికి నాలుగుసార్లు ఆగి ఆగి నడవొచ్చు. చూడాల్సింది ఫ్రేమ్ టైమ్, ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు, 30 అంటే 33.3. గ్రాఫిక్స్ కార్డు పనితీరు చూపించే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌తో వచ్చే రివాట్యూనర్‌లో ఫ్రేమ్ టైమ్‌ని గ్రాఫ్‌లా పెట్టుకుంటే గీత సమంగా సాగుతూ, కుదుపు వచ్చినచోట నిలువుగా లేస్తుంది. ఆ గీత ఎప్పుడు లేస్తోంది, మళ్లీ అక్కడికే వెళ్తే మళ్లీ లేస్తోందా అన్నది పట్టుకుంటే సగం రోగం తెలిసినట్టే.

నేను చేసే పరీక్ష ఇది. ఊరి గేటు ముందు ఒక సేవ్ పెట్టి, అక్కడి నుంచి సంత మధ్యలో ఉన్న బావి దాకా ఆపకుండా పరిగెత్తించి, బావి దగ్గర కత్తికి నిప్పు అంటించే మంత్రం ఒకసారి వాడతాను. గ్రాఫ్‌లో ఎక్కడెక్కడ లేచిందో గుర్తు పెట్టుకుంటాను. మెనూకి వెళ్లి, అదే సేవ్ లోడ్ చేసి, అదే దారిలో మళ్లీ పరిగెత్తిస్తాను. ఈ గేమ్‌లో మొదటి పరుగులో గేటు దాటేచోట ఒకటి, సంత మలుపులో ఒకటి, మంత్రం వేసిన క్షణాన ఒకటి, మూడూ 100 మిల్లీసెకన్లు దాటాయి. రెండో పరుగులో మంత్రం దగ్గరిది మాయమైంది. గేటు, మలుపు మాత్రం కదల్లేదు.

ఈ తేడాలోనే అసలు విషయం ఉంది. మొదటిసారి మాత్రమే వచ్చి పోయేది షేడర్ కుదుపు. ప్లేస్టేషన్‌లోనో ఎక్స్‌బాక్స్‌లోనో అందరి దగ్గరా ఒకే చిప్ కాబట్టి షేడర్లని కంపెనీ ముందే ఆ చిప్‌కి తగ్గట్టు కంపైల్ చేసి డిస్క్‌లో పెట్టేస్తుంది. స్టీమ్ సొంత చేతి గేమింగ్ పరికరం స్టీమ్ డెక్‌కి కూడా ఇదే కారణంతో స్టీమ్ చాలా షేడర్లని తయారుగా పంపగలుగుతోంది. పీసీలో ఒక్కొక్కరిది ఒక్కో కార్డు, ఒక్కో డ్రైవర్. ఆ కంపైలింగ్ మన మెషీన్ మీదే జరగాలి. విండోస్ గేములు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడటానికి వాడే డైరెక్ట్‌ఎక్స్‌లో 11వ వెర్షన్ నడిచిన కాలంలో ఈ పనిలో చాలా భాగం డ్రైవర్ తెర వెనక సర్దుకునేది. 12లో బాధ్యత గేమ్ రాసేవాళ్ల మీద పడింది. ఏయే షేడర్లు కావాలో ముందే జాబితా తయారుచేసి మెనూలోనే కంపైల్ చేయించాలి. జాబితాలోంచి ఏదైనా జారిపోతే, అది మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడు గేమ్ ఆగి, అప్పటికప్పుడు కంపైల్ చేసి, మళ్లీ కదులుతుంది. నా దగ్గర నిప్పు మంత్రంతో జరిగింది అదే. దీనికి మనం చేయగలిగేది తక్కువ. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ 3డీ సెట్టింగ్స్ కింద షేడర్ క్యాష్ సైజ్‌ని 10 జీబీకి పెంచితే, ఒకసారి తయారైనవి చోటు చాలక కొట్టుకుపోకుండా ఉంటాయి. 'కంపైలింగ్ షేడర్స్' బార్ కదలడం లేదని గేమ్‌ని మధ్యలో చంపకూడదు. ఆ సమయంలో ప్రాసెసర్ వాడకం నూరు శాతం దగ్గర ఉందంటే పని జరుగుతోందనే అర్థం.

ప్రతిసారీ అదే చోట వచ్చేది వేరే జాతి. మీరు ఊళ్లోకి అడుగుపెడుతుంటే గేమ్ ఆ ఊరి బొమ్మల్ని, మనుషుల్ని, శబ్దాల్ని డిస్క్ నుంచి లాగి మెమరీలో పరుస్తుంది. ఆ పరచడంలో ఏదో ఒక పని ప్రాసెసర్‌లోని ఒకే ఒక్క కోర్ మీద పడి మిగతావన్నీ దాని కోసం ఎదురుచూస్తే గేటు దగ్గర కుదుపు తప్పదు. దీన్ని రిజల్యూషన్ తగ్గించి వదిలించుకుందామనుకుంటే కుదరదు. అనుమానం ఉంటే 1080 నుంచి 720కి దించి చూడండి. ఎఫ్‌పీఎస్ కదలకపోతే, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం 90 శాతం కంటే బాగా కిందుంటే, ఇరుకు ప్రాసెసర్ దగ్గరే. అప్పుడు తగ్గించాల్సినవి క్రౌడ్ డెన్సిటీ, వ్యూ డిస్టెన్స్, రే ట్రేసింగ్. ఫ్రేములకి 60 దగ్గరో 40 దగ్గరో హద్దు పెడితే కుదుపు పోదు గానీ, పైకీ కిందకీ తేడా తగ్గి కంటికి తక్కువగా తెలుస్తుంది. పూర్తిగా పోవాలంటే కంపెనీ కోడ్ మార్చాల్సిందే.

ఇంకో రకం, మొదట్లో బాగుండి పోను పోను పాడయ్యేది. దీనికి మూడు కారణాలు సర్వసాధారణం. ఒకటి వీడియో మెమరీ (గ్రాఫిక్స్ కార్డులో ఉండే మెమరీ) చాలకపోవడం: గోడల మీద బొమ్మలు (టెక్స్చర్లు) మసకబారతాయి, దగ్గరికెళ్లినా తేటపడవు, ఫ్రేములు సగానికి పడిపోతాయి. 8 జీబీ కార్డుతో అల్ట్రా టెక్స్చర్లు పెడితే ఇప్పటి పెద్ద గేముల్లో ఇది ఎదురుచూడాల్సిందే. టెక్స్చర్ ఒక మెట్టు దించి గేమ్‌ని మూసి తెరవాలి. మూయకుండా సెట్టింగ్ మారిస్తే చాలా గేములు పాత మెమరీని వదలవు, 'తగ్గించినా లాభం లేదు' అని పొరబడతాం. రెండోది మెమరీ లీక్. టాస్క్ మేనేజర్‌లో ఒకేచోట నిలబడి ఉన్నా గేమ్ వాడే ర్యామ్ పెరుగుతూనే ఉంటే అది వాళ్ల తప్పే. మూడోది వేడి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ మీద ఆడితే పావుగంటకి ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. రివాట్యూనర్‌లో క్లాక్ స్పీడ్ కూడా పెట్టుకుని చూస్తే ఇది తెలిసిపోతుంది. ఎండాకాలం రిలీజుల మీద పడే తిట్లలో కొన్ని గేమ్‌కి చెందాల్సినవి కావు.

ఒక్కోసారి లోపం ఊహకే అందదు. 2023 అక్టోబర్‌లో 'సిటీస్: స్కైలైన్స్ 2' వచ్చినప్పుడు మంచి కార్డులు కూడా మూలిగాయి. ఆటగాళ్లు తవ్వి చూస్తే, ఆకాశం నుంచి చూసే ఆ నగరంలో చీమల్లా కనిపించే ఒక్కొక్క మనిషికీ నోట్లో పళ్లు సహా పూర్తి త్రీడీ నమూనా ఉంది. దూరం పెరిగేకొద్దీ వాడాల్సిన తేలికపాటి నమూనాలు తయారుచేయలేదు. కనిపించని పళ్లు గీయడానికి జీపీయూ చెమటోడ్చింది.

క్రాష్ అయితే ముందు చూడాల్సింది

గేమ్ చప్పుడు లేకుండా డెస్క్‌టాప్‌కి వచ్చేస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేయమని అందరూ చెప్పే సలహా. నేను ముందు స్టార్ట్ మెనూలో 'రిలయబిలిటీ' అని కొట్టి రిలయబిలిటీ హిస్టరీ తెరుస్తాను. క్రాష్ అయిన రోజు దగ్గర ఎర్ర గుర్తు ఉంటుంది. దాని మీద నొక్కితే 'ఫాల్టింగ్ మాడ్యూల్' అనే వరుసలో ఒక ఫైలు పేరు కనిపిస్తుంది. ఇదే వివరం ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అప్లికేషన్ కింద ఈవెంట్ 1000గా ఉంటుంది.

అక్కడ గేమ్ ఫైలు పేరే ఉంటే లోపం గేమ్‌లో ఉండే అవకాశం ఎక్కువ. ఎన్, వీ అక్షరాలతో మొదలయ్యే ఫైలైతే ఎన్‌విడియా డ్రైవర్, ఏఎండీ పేరున్నదైతే వాళ్ల డ్రైవర్. డిస్కార్డ్ ఓవర్‌లేదో, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌దో అయితే దాన్ని ఆపి చూస్తే చాలు. విండోస్ సొంత ఫైలు పేరు వస్తే దాన్ని బట్టి ఏమీ చెప్పలేం, అది చాలాసార్లు శవం దొరికిన చోటే కానీ హత్య జరిగిన చోటు కాదు. ఇదయ్యాక సిస్టమ్ లాగ్ చూడాలి. ఈవెంట్ 4101 కనిపిస్తే జీపీయూ రెండు సెకన్ల పాటు పలకక విండోస్ డ్రైవర్‌ని తిరిగి లేపిందని. వీయా లాగర్ (WHEA-Logger) పేరుతో ఎర్రర్లుంటే గేమ్‌ని తిట్టడం ఆపేయండి, అది హార్డ్‌వేర్ మొర. పీసీయే రీస్టార్ట్ అయి కెర్నల్ పవర్ 41 ఉంటే ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలకి కరెంటు అందించే పెట్టె) మీదో, వైరింగ్ మీదో అనుమానం పెట్టుకోవాలి.

స్టీమ్‌లో ఫైళ్లు సరిచూసుకునే సౌకర్యం ఉంది: గేమ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్, వెరిఫై ఇంటెగ్రిటీ. ఒక ఫైలు తేడాగా ఉంది, మళ్లీ దించుతున్నాం అని ప్రతిసారీ ఒకే సంఖ్య చూపిస్తే కంగారు వద్దు. సాధారణంగా అది మన సెట్టింగ్స్ రాసుకున్న ఫైలు. కానీ వెరిఫై చేసిన ప్రతిసారీ తేడా ఫైళ్ల సంఖ్య మారుతుంటే మాత్రం ఆలోచించాలి. డిస్క్ మీద ఫైలు మారలేదు, చదివేటప్పుడే తప్పుతోంది. ర్యామ్ గానీ ఎస్ఎస్‌డీ గానీ చెడింది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆపేసి ర్యామ్‌ని మామూలు వేగంలో నడిపి చూడాలి, తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా పెట్టాలి.

లోపం ఎక్కడుందో తేల్చకుండా తిట్టడం ఎంత ప్రమాదమో 2024లో లోకమంతా చూసింది. ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9 ప్రాసెసర్లున్న చాలామందికి అన్‌రియల్ ఇంజిన్ (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద కట్టిన గేములు తెరవగానే 'వీడియో మెమరీ అయిపోయింది' అన్న మెసేజ్‌తో మూతపడేవి. 24 జీబీ కార్డు ఉన్నవాళ్లకీ అదే మెసేజ్. తిట్లు గేముల మీద, ఎన్‌విడియా మీద పడ్డాయి. నిజానికి షేడర్లని విప్పేటప్పుడు ప్రాసెసర్ లెక్క తప్పుతోంది. ఆ తప్పుడు లెక్కని నమ్మిన గేమ్, మెమరీ చాలడం లేదనుకుంటోంది. అవసరానికి మించిన వోల్టేజి తీసుకుని ఆ చిప్పులు లోపల్లోపల దెబ్బతింటున్నాయని చివరికి ఇంటెల్ ఒప్పుకుంది, ఆగస్టులో మైక్రోకోడ్ (చిప్‌ని లోపల నడిపించే కోడ్) సవరణ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ మదర్‌బోర్డ్ బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అది బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే. ఆ తరం చిప్పుంటే పరీక్ష తేలిక: ఇంటెల్ ఎక్స్‌ట్రీమ్ ట్యూనింగ్ యుటిలిటీలో పెర్ఫార్మెన్స్ కోర్ రేషియోని 55 నుంచి 53కి దించండి. క్రాష్ ఆగితే గేమ్ నిర్దోషి.

నా దగ్గర ఈ ఆర్పీజీ క్రాష్ అయినప్పుడు ఫాల్టింగ్ మాడ్యూల్ స్థానంలో గేమ్ పేరే వచ్చింది, సిస్టమ్ లాగ్ శుభ్రంగా ఉంది. గేమ్‌లోని ఫోటో మోడ్ తెరిచినప్పుడే మూతపడుతోందని ఇంకాసేపటికి తేలింది. అది నేను వాడే సంగతి కాదు, గేమ్ ఉంచుకున్నాను.

సేవ్ ఫైళ్లు, క్వెస్ట్ బగ్గులు

కుదుపులు చిరాకు పెడతాయి, క్రాష్‌లు కోపం తెప్పిస్తాయి. క్వెస్ట్ (గేమ్ మనకి అప్పగించే పని) బగ్గు మాత్రం పాతిక గంటల ఆటని మింగేస్తుంది, అదీ రీఫండ్ గడువు దాటిన చాలా రోజులకి. అందుకే కొత్త గేమ్‌లో ఆటోసేవ్‌ని నమ్మకూడదు. అది బగ్గు జరిగిన తర్వాతి స్థితిని కూడా శ్రద్ధగా సేవ్ చేసి పాతదాన్ని చెరిపేస్తుంది. చేత్తో చేసే సేవ్‌లు కొత్త స్లాట్‌లో పెట్టుకుంటూ పోవాలి, ఒక పెద్ద క్వెస్ట్ మొదలుపెట్టే ముందు తప్పనిసరిగా ఒకటి. వారానికోసారైనా సేవ్ ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే సేవ్ రాసే క్షణంలోనే కరెంటు పోయే ప్రమాదం అదనం.

2020 డిసెంబర్ 10న వచ్చిన 'సైబర్‌పంక్ 2077' పీసీ వెర్షన్‌లో సేవ్ ఫైలు 8 ఎంబీ దాటితే పాడైపోయేది. వస్తువులు పోగేసుకునే అలవాటున్నవాళ్లకే ముందు తగిలింది, ఎందుకంటే సంచిలో ఉన్న ప్రతి వస్తువూ ఆ ఫైలు బరువు పెంచుతుంది. అదే నెలలో వచ్చిన 1.06 ప్యాచ్ ఆ హద్దు తీసేసింది గానీ, అప్పటికే పాడైన ఫైళ్లని తిరిగి లేపలేకపోయింది. పాత సేవ్ ఉన్నవాళ్లే బయటపడ్డారు.

బ్యాకప్‌ని తిరిగి పెట్టేటప్పుడు ఒక మెలిక ఉంది. ముందు గేమ్ ప్రాపర్టీస్‌లో స్టీమ్ క్లౌడ్ (సేవ్‌ల కాపీని స్టీమ్ సర్వర్‌లో దాచే సౌకర్యం) ఆపాలి. ఆపకుండా పాత ఫైలు పెడితే స్టీమ్ క్లౌడ్‌లో ఉన్న పాడైన ఫైలే కొత్తదనుకుని మీ బ్యాకప్ మీద కప్పేయగలదు. గేమ్ తెరిచి సరిగ్గా లోడ్ అయిందని చూసి, కొత్తగా ఒక సేవ్ చేసి, అప్పుడు క్లౌడ్ ఆన్ చేయాలి. ఏది ఉంచాలని అడిగితే లోకల్ అనాలి.

ఈ ఆర్పీజీలో నాకు తగిలిన క్వెస్ట్ బగ్గు ఇది. కమ్మరి తన కొట్టు నేలమాళిగ తాళంచెవి వెతికిపెట్టమంటాడు. ఆ తాళంచెవి ఊరి వెనక మిల్లులో బల్ల మీద ముందునుంచే ఉంటుంది. కమ్మరిని కలవకముందే మిల్లుకి వెళ్లి దాన్ని తీసుకుంటే, తర్వాత కమ్మరి పని చెప్పినా 'తాళంచెవి వెతుకు' అన్న లక్ష్యం ఎప్పటికీ పూర్తవదు. చెవి సంచిలోనే ఉంటుంది, పారేయడానికీ వీల్లేదు. ఇలాంటివి ఎందుకు జరుగుతాయంటే, చాలా గేముల్లో క్వెస్ట్ ఒక్కో మెట్టుగా ముందుకు కదులుతుంది. 'చెవి తీశాడు' అన్న సంఘటన జరిగిన క్షణంలో క్వెస్ట్ సరైన మెట్టు మీద లేకపోతే ఆ కబురు వినేవాళ్లే ఉండరు. మెట్టు మొదలవగానే 'సంచిలో ఇప్పటికే ఉందా' అని ఒక్కసారి చూసుకుని ఉంటే సరిపోయేది. అందుకే కొత్త ఆర్పీజీలో దారిన కనిపించిన పేరున్న వస్తువుల్ని, ముఖ్యంగా తాళంచెవులు, ఉత్తరాల్ని, మొదటి ప్యాచ్‌లు వచ్చేదాకా ముట్టుకోకపోవడం మేలు.

రిపోర్ట్ రాయడం

'క్వెస్ట్ పనిచేయట్లేదు, డబ్బులు దండగ' అని రాస్తే అక్కడి టెస్టర్‌కి చేయడానికేమీ ఉండదు. తన పీసీలో క్వెస్ట్ బాగానే నడుస్తుంది, 'రిపీట్ కాలేదు' అని రాసి మూసేస్తాడు. అతని పీసీలో కూడా అదే బగ్గు పుట్టించగలిగేలా రాయాలి. నేను పంపినది తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

"కమ్మరి క్వెస్ట్: మాట్లాడకముందే తాళంచెవి తీసుకుంటే లక్ష్యం పూర్తవదు. వెర్షన్: మెనూ కింద మూలన ఉన్న నంబర్. కొత్త గేమ్ మొదలుపెట్టండి. ఊళ్లోకి వెళ్లి కమ్మరితో మాట్లాడకుండా మిల్లుకి వెళ్లండి. బల్ల మీద తాళంచెవి తీసుకోండి. కమ్మరి దగ్గరికి వచ్చి క్వెస్ట్ ఒప్పుకోండి. జరగాల్సింది: చెవి ఉన్నట్టు గుర్తించి 'కమ్మరికి ఇవ్వు' అనాలి. జరుగుతున్నది: 'వెతుకు' దగ్గరే ఆగిపోతోంది, గుర్తు మిల్లు మీదే ఉంది. ప్రతిసారీ జరుగుతుంది. మాట్లాడాక చెవి తీస్తే జరగదు. మోడ్‌లు లేవు. చెవి తీసే ముందటి సేవ్, తర్వాతి సేవ్ రెండూ జతచేశాను."

చివరి మూడు వాక్యాలే ఎక్కువ విలువైనవి. 'ఎప్పుడు జరగదు' అన్నది చెబితే వాళ్ల వెతుకులాట సగానికి తగ్గుతుంది. మోడ్‌లు (ఆటగాళ్లు తయారుచేసి గేమ్‌కి తగిలించే మార్పులు) ఉంటే తీసేసి కొత్త సేవ్‌లో చూడకుండా పంపకూడదు. బగ్గుకి ముందటి సేవ్ ఇచ్చారంటే టెస్టర్‌కి గంటల పని తప్పించినట్టే. ఒక బగ్గుకి ఒక రిపోర్ట్. అయిదు బగ్గులు ఒకే దాంట్లో కలిపితే ఒకటి సరిచేసి మొత్తం మూసేస్తారు.

క్రాష్ అయితే పీసీ వివరాలు చూపించే విండోస్ ప్రోగ్రామ్ డీఎక్స్‌డయాగ్ (dxdiag) తెరిచి 'సేవ్ ఆల్ ఇన్ఫర్మేషన్' నొక్కితే వచ్చే ఫైలు, గేమ్ లాగ్, రెండూ పెట్టాలి. అన్‌రియల్ గేములకి ఈ లాగులు యాప్‌డేటా లోకల్‌లో గేమ్ పేరున్న ఫోల్డర్‌లోని 'సేవ్డ్' లోపల ఉంటాయి. యూనిటీ అనే ఇంకో ఇంజిన్ గేములకైతే యాప్‌డేటాలోనే 'LocalLow' అన్న ఫోల్డర్ లోపల 'ప్లేయర్' లాగ్. నలుగురికీ కనిపించే చోట పెట్టేముందు వాటిని నోట్‌ప్యాడ్‌లో తెరిచి విండోస్ యూజర్ పేరు మార్చేయండి, చాలామంది అక్కడ పూర్తి పేరు వాడుతుంటారు. వీడియో కావాలంటే గేమ్ బార్‌లో బ్యాక్‌గ్రౌండ్ రికార్డింగ్ ఆన్ చేసుకుంటే విండోస్ కీ, ఆల్ట్, జీ కలిపి నొక్కగానే అప్పటికి జరిగిన చివరి 30 సెకన్లు సేవ్ అవుతాయి.

కమ్మరి సంగతి తర్వాతి ప్యాచ్ వివరాల్లో ఒక వాక్యంగా కనిపించింది. పాత సేవ్‌లో కూడా లోడ్ చేయగానే లక్ష్యం కదిలింది. అన్ని ప్యాచ్‌లూ ఇలా వెనక్కి పనిచేయవు, కొన్ని సవరణలు కొత్తగా మొదలుపెట్టినవాళ్లకే. ప్యాచ్ వివరాల్లో ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి. గేటు దగ్గర కుదుపు మాత్రం ఇప్పటికీ ఉంది. అలాంటివి మెల్లిగానే కదులుతాయి. 2015 జూన్ 23న వచ్చిన 'బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ నైట్' పీసీ వెర్షన్ అమ్మకాలు మరుసటి రోజే ఆపేసి, మళ్లీ పెట్టింది అక్టోబర్ 28న. అప్పటికీ పూర్తిగా కుదురుకోలేదు, అడిగినవాళ్లకి డబ్బు వెనక్కి ఇస్తామన్నారు.

రీఫండే తీసుకోదలిస్తే స్టీమ్ సపోర్ట్ పేజీలో గేమ్ ఎంచుకుని, రీఫండ్ అడిగి, కారణం దగ్గర సాంకేతిక లోపం అని పెట్టి ఒక్క వాక్యం రాస్తే చాలు. 14 రోజులు, 2 గంటల లోపు ఉంటే వాదన అక్కర్లేదు. గడువు దాటినా అడగొచ్చు, ఇవ్వాల్సిన పూచీ వాళ్లకి లేదు. అప్పుడు మాత్రం వివరంగా రాయండి: ఏ తేదీన ఏ లోపం వచ్చింది, దాని గురించి కంపెనీ తానే ఏం ప్రకటించింది అని. స్టీమ్ వాలెట్‌కి కావాలా, డబ్బు కట్టిన దారిలోనే కావాలా అని అడుగుతుంది. కొన్ని చెల్లింపు పద్ధతులకి వాలెట్ ఒక్కటే దారి. ఒప్పుకున్నాక వారంలోపు వస్తుందని వాళ్ల లెక్క, కార్డు అయితే మన బ్యాంకు ఇంకొన్ని రోజులు కలుపుకోవచ్చు. డబ్బు వచ్చాక గేమ్ లైబ్రరీలోంచి పోతుంది గానీ సేవ్ ఫోల్డర్ డిస్క్‌లోనే మిగులుతుంది. ఆరు నెలలకి ప్యాచ్‌లన్నీ పడి సగం ధరకి వచ్చినప్పుడు కొనే ఉద్దేశం ఉంటే దాన్ని చెరపకండి.